కుర్చీలో కూర్చున్నవాడి ఆట: స్నూకర్‌లో ప్రతిభ, నిబ్బరం

హనుమకొండలో నేను తరచుగా వెళ్లే స్నూకర్ పార్లర్ ఒక బట్టల దుకాణం పైఅంతస్తులో ఉంటుంది. రెండు పెద్ద బల్లలు, గోడ వారగా నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, గంటకింత అని అద్దె. ఫ్రేమ్, అంటే ఒక ఆట, ఓడినవాడే బల్ల డబ్బులు కట్టాలన్నది అక్కడి ఆచారం. మొన్న వాన కురిసిన సాయంత్రం డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక కుర్రవాడు, కాజీపేట రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనతో ఆడుతున్నాడు. కుర్రవాడి క్యూ (బంతిని కొట్టే కర్ర) కదలిక చూడముచ్చటగా ఉంటుంది. భుజం కదలదు, తల లేవదు, మోచేయి దగ్గర నుంచి కింది చేయి మాత్రమే లోలకంలా ఊగుతుంది. అతను 41 పాయింట్లు ముందున్నాడు, ఇంకా మూడు ఎర్రబంతులే మిగిలాయి, నల్లబంతి తన స్పాట్ (బల్ల మీద దానికి గుర్తు పెట్టిన చోటు) మీద ఉంది, క్యూతో కొట్టే తెల్లబంతి దానికి మూరెడు దూరంలో ఆగింది. ఆ నల్లబంతి పడితే ఆట అయిపోయినట్టే. అంతకు ముందు గంటలో అలాంటివి అతను ఇరవై దాకా వేసి ఉంటాడు. ఈసారి బంతి పాకెట్ అంచుకు తగిలి, రెండుసార్లు ఊగి, బయటే ఆగింది. పెద్దాయన తొందరేమీ లేకుండా లేచి, మూడు నాలుగు విడతల్లో బల్ల ఖాళీ చేశాడు. కుర్రవాడు పర్సు తీస్తుంటే, చూస్తున్న వాళ్లలో ఒకరు అన్నారు: "చెయ్యి ఉన్నది గని, గుండె లేదు."

స్నూకర్ గురించి ప్రపంచంలో ఎక్కడ వాదన జరిగినా చివరికి ఈ ఒక్క మాట దగ్గరికే వస్తుంది. చేయి అంటే పుట్టుకతో వచ్చిన ప్రతిభ, గుండె అంటే ఒత్తిడిలో చెదరని నిబ్బరం. ఇవి రెండూ వేర్వేరు జేబుల్లో ఉండే నాణేలని, ఒకరికి ఇది ఎక్కువ, మరొకరికి అది ఎక్కువ అని మనం లెక్కలు వేస్తుంటాం. ఈ లెక్క పూర్తిగా తప్పని అనను కానీ, ఆటను దగ్గరగా చూసేకొద్దీ, ముఖ్యంగా ప్రొఫెషనల్ ఆటగాళ్ల జీవితాలను పక్కపక్కన పెట్టి చూసేకొద్దీ, ఆ రెండు జేబుల మధ్య కుట్టు ఎక్కడుందో కనిపించకుండా పోతుంది.

ముందుగా చేయి సంగతి. పూర్తి సైజు స్నూకర్ బల్ల సుమారు 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు ఉంటుంది. బంతి వ్యాసం 52.5 మిల్లీమీటర్లు. మూల పాకెట్ నోరు సుమారు మూడున్నర అంగుళాలు, అంటే బంతి సరిగ్గా నడుమ నుంచి వెళ్తే దానికి అటూ ఇటూ మిగిలే చోటు దాదాపు 18 మిల్లీమీటర్లు. ఒక ఎర్రబంతి 8 అడుగులు దొర్లి ఆ నోట్లో పడాలంటే దాని దారి అర డిగ్రీ కూడా పక్కకు పోకూడదు. అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ వస్తే, తిన్నగా కొట్టే షాట్‌లో కూడా తెల్లబంతి వచ్చి తగిలే చోటు సుమారు 0.4 మిల్లీమీటరు జరిగితే చాలు, షాట్ చేజారుతుంది. నోటుపుస్తకంలోని నాలుగైదు కాగితాలను ఒకదాని మీద ఒకటి పెడితే వచ్చే మందం అది. క్యూ పట్టుకున్న వేళ్లు కాస్త బిగుసుకున్నా, ఊపిరి ఒక క్షణం ముందు వదిలినా ఆ మేరకు తేడా వస్తుంది. అందువల్ల స్నూకర్‌లో మనసులో కలిగే అలజడి మనసులోనే ఉండిపోదు. అది నేరుగా చేతిలోకి దిగి, అక్కడి నుంచి బంతి మీదికి చేరుతుంది. క్రికెట్‌లో భయపడి ఆడిన షాట్ బ్యాట్ అంచుకు తగిలి స్లిప్ మీదుగా ఫోర్ పోవచ్చు. ఇక్కడ అంత ఉదారమైన అదృష్టం అరుదు.

ఇక ప్రతిభ అనే మాటలో అసలు ఏముందో చూడాలి. గొప్ప ఆటగాడికి డేగ కన్ను ఉంటుందని మనం అనుకుంటాం. 1994లో ఆస్ట్రేలియాకు చెందిన బ్రూస్ ఎబర్నెతీ, ఆయన సహచరులు నిపుణులైన స్నూకర్ ఆటగాళ్లను, మధ్యస్థాయి వాళ్లను, కొత్తవాళ్లను పరీక్షించి చూశారు. చూపు పదును, రంగులను గుర్తించడం, దూరాన్ని అంచనా వేయడం వంటి సాధారణ కంటి పరీక్షల్లో నిపుణులకు ప్రత్యేకమైన ఆధిక్యమేమీ కనిపించలేదు. తేడా మరోచోట తేలింది. నిజమైన ఆటలో వచ్చే బంతుల అమరికను కాసేపు చూపించి తీసేస్తే నిపుణులు దాన్ని మెరుగ్గా గుర్తు పెట్టుకోగలిగారు, రాబోయే షాట్లను మరింత దూరం ఆలోచించగలిగారు. అంటే మనం కన్ను అంటున్నది నిజానికి జ్ఞాపకం, ముందుచూపు. మా పార్లర్ పెద్దాయన కుర్రవాళ్లతో తరచూ అనే మాట ఇదే: "బిడ్డా, నల్లది పడ్డదని సంబురపడకు, తెల్లది ఏడ ఆగిందో చూడు."

ఆ జ్ఞాపకం, ఆ ముందుచూపు సాధనతో వచ్చినవే కదా, మరి పుట్టుకతో వచ్చిందేమిటి అన్న ప్రశ్న సహజం. 1993లో ఆండర్స్ ఎరిక్సన్ బృందం బెర్లిన్ వయొలిన్ విద్యార్థుల మీద చేసిన అధ్యయనం తర్వాత, ఉద్దేశపూర్వకమైన సాధన ఉంటే ఎవరైనా ఎంత దూరమైనా పోవచ్చన్న నమ్మకం బాగా ప్రచారంలోకి వచ్చింది. 2014లో బ్రూక్ మెక్‌నమారా, ఆమె సహచరులు అలాంటి అధ్యయనాలను కలిపి లెక్కించినప్పుడు, క్రీడల్లో ఒక ఆటగాడికి మరొకరికి మధ్య ఉండే తేడాలో సుమారు 18 శాతమే సాధనతో వివరించగలమని తేలింది. మిగిలినదంతా పుట్టుకేనని దీని అర్థం కాదు. మొదలుపెట్టిన వయసు, శిక్షణ, ఇంటి పరిస్థితి, శరీరం, స్వభావం అన్నీ ఆ మిగిలిన వాటాలోకే వస్తాయి. అయితే స్వభావం కూడా ప్రతిభ వాటాలోనే కూర్చుంటోందన్న సంగతి గమనించాలి. ఒక పిల్లవాడు రోజుకు ఆరు గంటలు ఒంటరిగా ఒకే ఎర్రబంతిని ఒకే పాకెట్‌లోకి కొడుతూ విసుగు చెందకుండా ఉండగలిగితే, దాన్ని చేతి కింద రాయాలా, గుండె కింద రాయాలా? నాకు ఇప్పటికీ తేలని లెక్క అది.

ఇంగ్లండ్ ఆటగాడు రోనీ ఓసలివన్ విషయంలో ఈ చిక్కు అందరికీ కనిపించేటంత స్పష్టంగా ఉంది. పదేళ్ల వయసులో తొలి సెంచరీ బ్రేక్ (ఒకే విడతలో వంద పాయింట్లు), 1993లో 17 ఏళ్లకే యూకే చాంపియన్‌షిప్, 1997 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 5 నిమిషాల 8 సెకన్లలో 147, అంటే ఒకే విడతలో బల్ల మొత్తం ఖాళీ చేస్తే మామూలుగా వచ్చే గరిష్ఠ స్కోరు. ఆ 147కి 36 బంతులు వేయాలి కాబట్టి ఒక్కో బంతికి సగటున 9 సెకన్లు కూడా పట్టలేదు. 1996లో ప్రత్యర్థి అలెన్ రోబిడూ తనను అవమానించాడని నొచ్చుకునేంత సునాయాసంగా ఎడమ చేత్తో కూడా ఆడి చూపించాడు. చేయి గురించి ఇంక సందేహించడానికేమీ లేదు. అయినా 2001 నుంచి 2008 వరకు ప్రపంచ టైటిళ్లు మూడే వచ్చాయి. 2005 క్వార్టర్ ఫైనల్‌లో పీటర్ ఎబ్డన్ మీద 8–2 ఆధిక్యంలో ఉండి కూడా 13–11తో ఓడిపోయాడు. ఆ మ్యాచ్‌లో ఎబ్డన్ 12 పాయింట్ల బ్రేక్ ఒకటి చేయడానికి అయిదు నిమిషాలకు పైగా తీసుకున్నాడు, అంటే ఓసలివన్ 147 చేసినంత సేపు. 2006 యూకే చాంపియన్‌షిప్‌లో స్టీఫెన్ హెండ్రీ చేతిలో 4–1తో వెనుకబడి ఉండగా, ఇంకా సగానికి పైగా మ్యాచ్ మిగిలి ఉండగానే కరచాలనం చేసి వెళ్లిపోయాడు.

2011లో మానసిక వైద్యుడు స్టీవ్ పీటర్స్ దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాక 2012, 2013, 2020, 2022లలో మరో నాలుగు టైటిళ్లు గెలిచాడు. చివరిది 46 ఏళ్ల వయసులో. అంత వయసులో ఆ టైటిల్ గెలిచినవారు అంతకు ముందు లేరు. 2013 టైటిల్ అయితే దాదాపు ఒక సీజన్ అంతా ఆటకు దూరంగా ఉండి వచ్చి గెలిచింది. వైద్యుడి వల్లనే ఇదంతా జరిగిందని తేల్చి చెప్పడం తొందరపాటు అవుతుంది. మనిషి వయసు పెరిగింది, పరుగు అలవాటు చేసుకున్నాడు, ప్రత్యర్థులు మారారు. కానీ చేయి మాత్రం అదే. 1997 నాటి చేయి 2022 నాటికి మెరుగై ఉంటుందని ఎవరూ అనలేరు. మారినది చేతిని వాడుకునే పద్ధతి: కోపం వచ్చినప్పుడు కూడా తర్వాతి షాట్ ఏమిటన్న ప్రశ్న దగ్గరికి తిరిగి రావడం.

ఇక్కడ స్నూకర్, బిలియర్డ్స్ లాంటి బల్ల ఆటలకు ఉన్న ఒక ఏర్పాటు గురించి చెప్పుకోవాలి, అది కుర్చీ. టెన్నిస్‌లో ప్రత్యర్థి ఎంత బాగా ఆడినా బంతి నీ దగ్గరికి వస్తుంది, నువ్వు పరిగెత్తవచ్చు, కనీసం అరవవచ్చు. చదరంగంలో ఎదుటివాడు ఎత్తు వేశాక నీ వంతు ఖాయం. స్నూకర్‌లో ప్రత్యర్థి బంతులు వేస్తున్నంత సేపు నువ్వు కుర్చీలో కూర్చుని నీళ్లు తాగడం తప్ప చేయగలిగింది లేదు. అలా అరగంట కూర్చుని, శరీరం చల్లబడి, చేతి లయ మరిచిపోయాక ఒక్కసారిగా లేచి పొడవాటి షాట్ ఆడాలి. షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్‌లో 1977 నుంచి జరుగుతున్న ప్రపంచ చాంపియన్‌షిప్ 17 రోజుల పాటు సాగుతుంది. ఫైనల్ 35 ఫ్రేమ్‌ల పోరు, ముందుగా 18 గెలిచినవాడిది టైటిల్, రెండు రోజుల్లో నాలుగు సెషన్లు. అందులో చాలా సమయం ఒక్కో ఆటగాడు ఆడకుండానే గడుపుతాడు. ఆడని సమయంలో ఆటగాడు ఏం ఆలోచిస్తాడన్నదే ఆడే సమయాన్ని ఇంతగా నిర్ణయించే ఆటలు, నాకు తెలిసినంతలో, చాలా తక్కువ. మన ఊళ్లలో గోటీలాట ఆడిన వాళ్లకు ఈ తేడా వెంటనే తెలుస్తుంది. గోటీ కొట్టడానికి కూడా కన్ను, వేలు, దూరం అంచనా అన్నీ కావాలి, కానీ వంతు వెంటవెంటనే వస్తుంది. భయపడటానికి తీరిక ఉండదు. స్నూకర్ కావలసినంత తీరిక ఇస్తుంది, వచ్చిన చిక్కంతా దానితోనే.

తీరిక దొరికిన మనసు ఏం చేస్తుందో 2001లో సియన్ బైలాక్, థామస్ కార్ గోల్ఫ్ పుట్టింగ్ మీద చేసిన ప్రయోగాలు కొంత వివరించాయి. బాగా అలవాటైన పని చేతికి వదిలేస్తే సాఫీగా జరుగుతుంది. ఒత్తిడి వచ్చినప్పుడు మనిషి ఆ పనిని మళ్లీ అంచెలంచెలుగా గమనించడం మొదలుపెడతాడు: మోచేయి సరిగ్గా ఉందా, పట్టు బిగిసిందా, తల కదులుతోందా అని. ఆ కాపలాయే పనిని చెడగొడుతుంది. మెట్లు దిగుతున్నవాడు ఏ కాలు ముందు పెడుతున్నానా అని ఆలోచించడం మొదలుపెడితే తడబడినట్టు. మా కుర్రవాడు ఆ నల్లబంతి ముందు మామూలు కంటే మూడు రెట్లు ఎక్కువసార్లు క్యూను ముందుకీ వెనక్కీ ఊపడం నేను కుర్చీలోంచి లెక్కపెట్టాను. దాన్ని పిరికితనం అనడం కష్టం. అతను మామూలు కంటే ఎక్కువ జాగ్రత్త పడ్డాడు, అంతే.

ఈ కోణం నుంచి చూస్తే గుండె లేదన్న తీర్పు ఎంత అన్యాయంగా పంచుతామో కూడా కనిపిస్తుంది. జిమ్మీ వైట్ 1984లోను, తర్వాత 1990 నుంచి 1994 వరకు వరుసగా అయిదేళ్లు, మొత్తం ఆరు ప్రపంచ ఫైనల్స్ ఆడి ఆరూ ఓడిపోయాడు. 1992లో హెండ్రీ మీద 14–8 ఆధిక్యంలో ఉన్నాడు. హెండ్రీ వరుసగా పది ఫ్రేమ్‌లు గెలిచి 18–14తో ముగించాడు. 1994లో స్కోరు 17–17, ఆఖరి ఫ్రేమ్, వైట్ 32వ పుట్టినరోజు. స్పాట్ మీద ఉన్న నల్లబంతిని పోగొట్టుకున్నాడు. ఎదురుగా ఉన్న హెండ్రీ ఆ టోర్నీ మధ్యలోనే హోటల్ స్నానాల గదిలో జారిపడి మోచేతి ఎముక చిట్లినా ఆడుతున్నాడు. ఇంకేముంది, ఒకడు ప్రతిభ, ఇంకొకడు నిబ్బరం అని కథ స్థిరపడిపోయింది.

కానీ 1985 ఫైనల్‌ను దీని పక్కన పెట్టి చూడండి. స్టీవ్ డేవిస్ 8–0తో మొదలుపెట్టి, చివరికి 17–17 దాకా వచ్చి, అర్ధరాత్రి దాటాక, బ్రిటన్‌లో కోటీ 85 లక్షల మంది టీవీల ముందు కూర్చుని చూస్తుండగా, ఆఖరి నల్లబంతిని పోగొట్టుకున్నాడు. డెనిస్ టేలర్ దాన్ని వేసి చాంపియన్ అయ్యాడు. మ్యాచ్ మొత్తంలో టేలర్ ముందంజలో ఉన్నది ఆ ఒక్క బంతితోనే. వైట్ పోగొట్టుకున్నదీ నల్లబంతే, డేవిస్ పోగొట్టుకున్నదీ నల్లబంతే. డేవిస్‌ది కష్టమైన కట్ షాట్ (బంతిని పక్కగా తాకించి వేసేది) అన్నది ఒప్పుకోవాల్సిందే, అయినా ఎనిమిది ఫ్రేమ్‌ల ఆధిక్యం కరిగిపోయిన చోట ఎవరూ డేవిస్‌కు గుండె లేదనలేదు. ఎందుకంటే అతను అంతకు ముందు మూడు టైటిళ్లు గెలిచి ఉన్నాడు, ఆ తర్వాత 1987, 1988, 1989లలో మరో మూడు గెలిచాడు. ఫలితాన్ని చూసి గుణాన్ని అంటగట్టడం మనకు అలవాటు. గెలిచినవాడిది నిబ్బరం, ఓడినవాడిది ప్రతిభ మాత్రమే. 1992లో హెండ్రీ ఆడిన ఆ పది ఫ్రేమ్‌ల ముందు ఎవరి గుండె అయినా ఏం చేయగలిగి ఉండేదో నాకైతే తెలియదు.

నిబ్బరానికే మారుపేరుగా నిలిచిన ఆ హెండ్రీ కథ కూడా అక్కడితో ఆగలేదు. ఏడు ప్రపంచ టైటిళ్లు, అందులో 1992 నుంచి వరుసగా అయిదు గెలిచిన మనిషికి, తర్వాతి సంవత్సరాల్లో క్యూను బంతిలోంచి సాఫీగా ముందుకు తోయడమే కష్టమైపోయిందని ఆయనే చెప్పుకున్నాడు. గోల్ఫ్ వాళ్లు యిప్స్ అని పిలిచే జబ్బు అది. తీరా బంతిని కొట్టే క్షణంలో చేయి బిగుసుకుపోతుంది. 2012లో రిటైరయ్యాడు. నిబ్బరం ఒకసారి సంపాదిస్తే చేతి కింద దాచుకునే ఆస్తి అయి ఉంటే హెండ్రీకి అలా జరగకూడదు. మరి అది అతని మనసులో వచ్చిన లోపమా, చేతిలో వచ్చిన లోపమా? వేరు చేసి చూపించగలవారు ఎవరైనా ఉంటే ఈ వ్యాసం అవసరమే ఉండేది కాదు.

అలాగని నిబ్బరం అనేదే లేదని వాదించడం నా ఉద్దేశం కాదు. అది ఎలా ఉంటుందో చూడాలంటే మార్క్ సెల్బీని చూడాలి. 2014 ఫైనల్‌లో ఓసలివన్ మీద 10–5తో వెనుకబడి 18–14తో గెలిచాడు. 2017 ఫైనల్‌లో జాన్ హిగిన్స్ మీద 10–4 నుంచి 18–15కి వచ్చాడు. ఆ రెండు మ్యాచ్‌లలో అతను చేసినదాన్ని సాహసం అనడం పొరపాటు. అయిదు ఫ్రేమ్‌లు వెనుకబడిన ఆటగాడికి అన్నీ ఒకేసారి తెచ్చేసుకోవాలనిపిస్తుంది, సగం సగం అవకాశం ఉన్న పొడవాటి షాట్లు నోరూరిస్తాయి. సెల్బీ వాటిని వదిలేసి, తెల్లబంతిని వెనక కుషన్‌కు (బల్ల అంచుకు) ఆనించి, ఎదుటివాడికి ఏమీ కనిపించకుండా చేసే సేఫ్టీ షాట్ ఆడతాడు, అది మళ్లీ తన దగ్గరికి వస్తే మళ్లీ అదే ఆడతాడు. నా దృష్టిలో స్నూకర్‌లో నిబ్బరం అంటే తొంభై పాళ్లు ఇదే: ఏ షాట్ ఆడాలన్న నిర్ణయం స్కోరుబోర్డును బట్టి కాకుండా బల్లను బట్టి తీసుకోవడం. దీనికి లెక్క తెలియాలి, సేఫ్టీ ఆడే చేయి కావాలి. కాబట్టి ఇందులోనూ సగం నేర్పే. పైగా ఇంత స్థిరంగా ఆడే సెల్బీ 2022లో తన మానసిక ఆరోగ్యం బాగాలేదని, సహాయం తీసుకుంటానని బహిరంగంగా చెప్పాడు. బల్ల దగ్గర చెదరకపోవడం వేరు, లోపల ప్రశాంతంగా ఉండటం వేరు. మనం మొదటిదాన్ని చూసి రెండోది ఉందనుకుంటాం.

ఈ సూత్రాలన్నిటికీ తల ఊపి, ఏ ఒక్కదాన్నీ పాటించనివాడు 2023 చాంపియన్ లూకా బ్రెసెల్. టోర్నీకి ముందు సాధన దాదాపు చేయలేదని, పార్టీలకు తిరిగానని తనే చెప్పాడు. క్వార్టర్ ఫైనల్‌లో ఓసలివన్ మీద 10–6తో వెనుకబడి వరుసగా ఏడు ఫ్రేమ్‌లు గెలిచాడు. సెమీఫైనల్‌లో చైనా కుర్రవాడు సీ జియాహుయ్ మీద 14–5తో వెనుకబడి 17–15తో గెలిచాడు. ఫైనల్‌లో సెల్బీనే 18–15తో ఓడించాడు. సెల్బీ అందులో 147 చేశాడు కూడా. ప్రపంచ ఫైనల్‌లో అదే మొదటిది. బ్రెసెల్‌ది నిబ్బరమా, నిర్లక్ష్యమా? కుర్చీలో కూర్చున్నప్పుడు పోయేదేమీ లేదనుకోగలగడం కూడా మనసు పనే, అది సాధనతో కాకుండా ఆ పదిహేడు రోజుల మూడ్‌తో వచ్చినా సరే. అయితే అలాంటి మూడ్ మీద జీవితాన్ని కట్టుకోలేం. మొదటిసారి చాంపియన్ అయినవాడు మరుసటి ఏడాది క్రూసిబుల్‌లో టైటిల్ నిలబెట్టుకోలేడన్న పాత శాపం బ్రెసెల్‌ను కూడా వదల్లేదు.

ఈ ఆట నిజానికి మన దేశంలోనే, 1875లో జబల్‌పూర్‌లోని బ్రిటిష్ సైనికాధికారుల మధ్య పుట్టింది. పంకజ్ అద్వానీ 2003లోనే ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ చాంపియన్ అయ్యాడు. 2012లో ప్రొఫెషనల్ సర్క్యూట్‌లోకి వెళ్లి, 2014లో వదిలి వచ్చాడు. 2013లో ఢిల్లీలో జరిగిన ఇండియన్ ఓపెన్‌లో ఆదిత్య మెహతా ఫైనల్ దాకా వెళ్లాడు. 2016లో అదే టోర్నీ హైదరాబాద్‌కు వచ్చింది. మన ఆటగాళ్లు ఇంగ్లండ్‌లో నిలదొక్కుకోలేకపోయినప్పుడు గుండె లేదనే మాట ఇక్కడ కూడా వినిపించింది. ఇంటికి వేల మైళ్ల దూరంలో ఉంటూ, మొదటి రౌండ్‌లో ఓడితే ఖర్చులు కూడా రాని సర్క్యూట్‌లో ఆడే నల్లబంతికి, సొంత ఊళ్లో ఆడే నల్లబంతికి బరువు ఒకటే అని తూకం రాళ్లు చెప్పవచ్చు, చేయి ఒప్పుకోదు. ఓడినవాడే బల్ల డబ్బులు కట్టాలన్న మా పార్లర్ ఆచారం కూడా చిన్న ఎత్తున అలాంటిదే.

ఆ సాయంత్రం పెద్దాయన వెంటనే ఇంటికి పోలేదు. నల్లబంతిని మళ్లీ స్పాట్ మీద పెట్టి, తెల్లబంతిని ఇందాకటి చోటనే ఉంచి, కుర్రవాణ్ని పిలిచాడు. కుర్రవాడు వచ్చి ఒక్క ఊపుతో వేసేశాడు. ఇంకోసారి పెట్టబోతుంటే పెద్దాయన ఆపి, "ఇప్పుడు గాదు. పోయి కుర్చీల కూసో. పది నిమిషాలైనంక వచ్చి కొట్టు. గట్ల పదిసార్లు" అన్నాడు.

కుర్రవాడు గోడ మీది గడియారం వైపు చూశాడు. "అంకుల్, అట్లైతే రెండు గంటలు పడ్తది. బల్ల కిరాయి?"

"ఆ పైసలు నేను కడత. నువ్వు కూసో."